ఆదివారం నాలుగింటికి చీటీలు తీసే రీడింగ్ రూమ్

నెలకి 1,200 రూపాయలు, ఏసీ హాలైతే 1,600. అడ్వాన్స్ లేదు. సీటు ఖాళీ అయినప్పుడు ఆధార్ జిరాక్సు, రెండు ఫోటోలు ఇస్తే అప్పటికప్పుడే సీటు నంబరు రాసిస్తారు. తిరుపతి బాలాజీ కాలనీ నుంచి ఎస్వీ యూనివర్సిటీ వైపు పోతుంటే ఎడమచేతి సందులో రెండో అంతస్తు. కింద జిరాక్స్ షాపు, దాని పక్కన సాయంత్రం పూట మిరపకాయ బజ్జీ, ఉర్లగడ్డ బోండా వేసే బండి. పేరు మాత్రం రాయను. ఓనరు సార్‌ని అడిగితే, "సీట్లన్నీ నిండిపోయినాయమ్మా. పేరు రాశావంటే వచ్చిన ప్రతి పిల్లకీ, పిల్లోడికీ లేదని చెప్పి పంపాలి, అది నావల్ల కాదు" అన్నారు.

అయినా రాస్తున్నాను. తిరుపతిలో గ్రూప్స్‌కీ సివిల్స్‌కీ చదివేవాళ్ళకి రీడింగ్ రూములు సందుకొకటి ఉన్నాయి. నేనే నాలుగు మారాను. కానీ ఇక్కడ ఆదివారం సాయంత్రం జరిగేది ఇంకెక్కడా చూడలేదు. ఇది చదివి ఎవరైనా ఇంకో సందులో అలాంటిది మొదలుపెడితే నాకు అంతకంటే సంతోషం లేదు.

ముందు హాలు సంగతి చెప్పేస్తా. ఒక్కో సీటుకి చిన్న లైటు, ఛార్జింగ్ పాయింటు, తాళం వేసుకునే అర ఉన్నాయి. కుర్చీలు చెక్కవి, నడుముకి దిండు మనమే తెచ్చుకోవాలి. కరెంటు పోతే ఇన్వర్టర్ మీద లైట్లు, ఫ్యాన్లు తిరుగుతాయి, ఏసీ తిరగదు. మే నెలలో ఏసీ లేని హాల్లో మధ్యాహ్నం రెండు నుంచి నాలుగున్నర దాకా కూర్చోవడం చాలా కష్టం, పేజీ తిప్పితే వేలికి అంటుకుంటుంది. మంచినీళ్ళ క్యాను ఎప్పుడూ నిండుగా ఉంటుంది. ఆడపిల్లలం ఇరవైమందిమి, బాత్రూమ్ ఒక్కటే. ఇది మారాలి. రెండుసార్లు చెప్పాను, మేడ మీద ఇంకోటి కట్టిస్తామన్నారు, ఇంకా కట్టలేదు. బండి పెట్టుకోవడానికి చోటు ఇరుకు. పొద్దున ఆరు నుంచి రాత్రి పది దాకా తెరిచే ఉంటుంది.

ఇక ఆదివారం.

ఓనరు సార్ ఫిజిక్స్ లెక్చరర్‌గా చేసి రిటైరయ్యారు. బుధవారం నోటీసుబోర్డు మీద ఒక టాపిక్ అంటిస్తారు. ఆదివారం నాలుగింటికి వెనక గదిలో బెంచీలు వేస్తారు. ఒక స్టీలు డబ్బాలో చీటీలు. కొన్నిటి మీద 'అవును', కొన్నిటి మీద 'కాదు'. చేతికి ఏది వస్తే ఆ పక్షాన నాలుగు నిమిషాలు మాట్లాడాలి, మన అసలు అభిప్రాయంతో పనిలేదు. గోడకి నల్లబోర్డు ఉంది. దాని మీద తెల్ల పెయింటుతో నిలువుగా మూడు గీతలు గీశారు, చెరిపితే పోవు. నాలుగు గళ్ళు. మొదటిది 'ఏమన్నారు'. రెండోది 'ఎవరన్నారు'. మూడోది 'ఎప్పుడన్నారు'. నాలుగోది 'తర్వాత ఏం తేలింది'. అంకె చెప్పినవాళ్ళెవరైనా లేచి వెళ్ళి సుద్దముక్కతో రాయాలి. మొదటి మూడు గళ్ళు నింపలేకపోతే ఆ మాట లెక్కలోకి రాదు. నాలుగో గడి మిగతావాటికంటే వెడల్పుగా ఉంటుంది. ఎందుకని అడిగాను మొదటి వారం. "అది నిండేదానికి టైం పడుతుందమ్మా. చోటు ఉంచాలి" అన్నారు.

నాకు ఈ బోర్డు ఎందుకంత ముఖ్యమైందో చెప్పాలంటే మా ఇంటి సంగతి చెప్పాలి. మాది పాత చిత్తూరు జిల్లా, మదనపల్లె దగ్గర పల్లె. మా అన్న ఆర్మీ ఎయిర్ డిఫెన్స్‌లో ఉన్నాడు. 2025 మే 7 తెల్లవారుజామున పాకిస్తాన్ మీద మన దాడులు మొదలైనప్పటి నుంచి 10వ తేదీ సాయంత్రం కాల్పుల విరమణ దాకా అన్న ఫోన్ కలవలేదు. అమ్మ ఆ నాలుగు రోజులూ టీవీ ముందు నుంచి లేవలేదు. టీవీలో ఒకరు అన్నీ కూల్చేశామంటారు, ఇంకొకరు ఇంకో అంకె చెబుతారు. నాయన ఒకటే అడిగాడు: "పాపా, నువ్వు చదువుకున్నావు కదా, దీంట్లో ఏది నిజం?" నా దగ్గర జవాబు లేదు. 11వ తేదీ పొద్దున అన్న ఫోన్ చేసి "బాగున్నా" అన్నాక కూడా ఆ ప్రశ్న నన్ను వదల్లేదు.

ఈ రూములో చేరకముందు వెళ్ళిన ఒక కోచింగ్ సెంటర్‌లో ఇలాంటి ప్రశ్నే వేశాను. 2019 ఫిబ్రవరి 27న కశ్మీర్‌లోని బడ్గాంలో మన హెలికాప్టర్ మన క్షిపణికే కూలింది కదా, ఆ విచారణ ఏమైంది సార్ అని. క్లాసులో నూటపాతిక మంది ఉన్నారు. "మీ అన్న తినేది ఆ జీతమే కదమ్మా, నువ్వే ఇలా అడిగితే ఎట్లా?" అన్నాడాయన. ఎవరూ నవ్వలేదు, కానీ అందరూ నా వైపు చూశారు. ఆ తర్వాత నేను ఆ క్లాసులో ఏమీ అడగలేదు, నెల తిరక్కుండానే మానేశాను. ఆ బాధతోనే ఇక్కడికి వచ్చాను.

నేను చేరిన మూడో ఆదివారం టాపిక్ ఇది: 'క్షిపణులను అడ్డుకునే కవచం దేశానికి నిజంగా భద్రత ఇస్తుందా?' మామూలుగా పాతికమంది వస్తారు, ఆ రోజు నలభైమంది దాకా వచ్చారు. బయటివాళ్ళు కూడా రావచ్చు, ఫీజు లేదు. ఎప్పుడూ వెనక బెంచీలో కూర్చునే పెద్దాయన ఒకరున్నారు, సుబేదార్‌గా రిటైరయ్యారు, విమానాల్ని కాల్చే ఎల్-70 తుపాకుల మీద పనిచేశారట. ఆ చప్పుడుకి కుడిచెవి సరిగ్గా వినపడదు, ఎడమచెవి మనవైపు తిప్పి వింటారు. అందరం సుబేదార్ సార్ అంటాం.

పీలేరు నుంచి వచ్చే తమ్ముడికి 'అవును' చీటీ వచ్చింది. లేచీ లేవగానే ఇజ్రాయెల్ అంకె చెప్పాడు. 2024 ఏప్రిల్ 13 రాత్రి ఇరాన్ 300కి పైగా డ్రోన్లు, క్షిపణులు వదిలితే 99 శాతం ఆపేశారు అని. సార్ సుద్దముక్క అందించారు. తమ్ముడు రాశాడు. ఏమన్నారు: 99 శాతం. ఎవరన్నారు: ఇజ్రాయెల్ సైన్యం. ఎప్పుడన్నారు: మర్నాడే. నాలుగో గడి దగ్గర ఆగిపోయాడు. కొన్ని బాలిస్టిక్ క్షిపణులు (బాగా పైకి లేచి మహావేగంగా కిందికి దూసుకొచ్చేవి) ఇజ్రాయెల్‌లోని నెవాటిమ్ వైమానిక స్థావరంలో పడ్డాయని నగరి నుంచి వచ్చే అక్క గుర్తుచేసింది. ఎదురుగా వచ్చినవాటిలో ఎక్కువ భాగం నెమ్మదిగా ఎగిరే డ్రోన్లు, మామూలు క్రూయిజ్ క్షిపణులు. డ్రోన్‌నీ, బాలిస్టిక్ క్షిపణినీ ఒకే లెక్కలో కలిపేస్తే శాతం పెద్దదిగానే కనపడుతుంది. "శాతం చెప్పినప్పుడు కింద ఏముందో అడగండి. దేన్ని దేంతో భాగించారు?" అన్నారు సార్. తమ్ముడు ఆ మాట నాలుగో గడిలో రాశాడు.

తర్వాత సార్ తనే లేచారు. మాకు రాని కథ అది. 1991 గల్ఫ్ యుద్ధం. ఫిబ్రవరి 15న అమెరికా అధ్యక్షుడు జార్జి బుష్, ఎదురొచ్చే క్షిపణుల్ని కొట్టే పేట్రియాట్ క్షిపణులు తయారయ్యే ఫ్యాక్టరీకి వెళ్ళి, ఇరాక్ వదిలిన క్షిపణులు, 42 స్కడ్‌లను ఎదుర్కొంటే 41 అడ్డుకున్నామని చెప్పాడు. పది రోజులకి, ఫిబ్రవరి 25న, సౌదీలోని దహ్రాన్‌లో ఒక స్కడ్ వచ్చి సైనికులు నిద్రించే బ్యారక్ మీద పడింది. 28 మంది అమెరికా సైనికులు చనిపోయారు. పేట్రియాట్ ఒక్కటి కూడా లేవలేదు.

ఎందుకు లేవలేదో సార్ బోర్డు మీద చూపించారు. ఈ ఒక్క విషయం మీద ఇరవై నిమిషాలు పోయింది, పోనీ అనే అనిపించింది నాకు. పేట్రియాట్‌ని నడిపే కంప్యూటర్ టైమ్‌ని సెకనులో పదోవంతులుగా లెక్కపెడుతుంది. పదోవంతు మన దశాంశాల్లో 0.1, అంతే. కంప్యూటర్ ఒకట్లు, సున్నాలతో రాసుకుంటుంది, అందులో పదోవంతు ఎప్పటికీ పూర్తికాదు. "మూడోవంతుని దశాంశాల్లో రాయి చూద్దాం" అన్నారు సార్ పీలేరు తమ్ముడితో. వాడు 0.3333 అని రాస్తూ బోర్డు చివరిదాకా పోయాడు. "చోటు అయిపోయింది కదా? ఎక్కడో ఒకచోట కొట్టెయ్యాలి. కొట్టేసిన ముక్క చాలా చిన్నది. కానీ సెకనుకి పదిసార్లు కొట్టేస్తా ఉంటే?" దహ్రాన్‌లో ఆ యంత్రం నూరు గంటలకి పైగా ఆపకుండా నడిచింది. తేడా 0.34 సెకను అయింది. కనురెప్ప వేసినంత సేపు. స్కడ్ సెకనుకి ఒకటిన్నర కిలోమీటరుకి పైగా పోతుంది. రాడార్ అర కిలోమీటరుకి పైగా పక్కన చూసింది, అక్కడ ఏమీ కనపడలేదు, అందుకని ఏమీ రావడం లేదనుకుంది.

చిత్తూరు రోడ్డులో గాదంకి రాడార్ చూసినవాళ్ళు ఎంతమంది అని అడిగారు సార్. నలుగురం చేతులెత్తాం. నేను డిగ్రీలో ఉన్నప్పుడు వెళ్ళాను. 1,024 యాంటెన్నాలు పొలంలో నాటినట్టు వరసగా ఉంటాయి. అది గాలుల్ని, పైవాతావరణాన్ని చూసే రాడార్, యుద్ధానికి సంబంధం లేదు. కానీ సూత్రం ఒకటే: తరంగం పంపిస్తాం, తిరిగొచ్చేదాకా పట్టిన సమయాన్ని బట్టి దూరం చెబుతాం. గడియారం తప్పితే దూరం తప్పుతుంది. ఏళ్ళుగా బస్సులో దాన్ని దాటుకుని పోతున్నా, దహ్రాన్‌లో చనిపోయిన 28 మందికీ దానికీ నడుమ ఇలాంటి దారం ఒకటి ఉందని నాకు తట్టలేదు.

ఇంకో మాట చెప్పారు సార్, అదే నాకు బాగా తగిలింది. ఆ లోపం ఉందని ముందే తెలుసు. ఎనిమిది గంటలు నడిచేసరికే చూపు పక్కకి జరుగుతోందని పేట్రియాట్‌లు వాడుతున్న ఇజ్రాయెల్ వాళ్ళు రెండు వారాల ముందే లెక్కలతో చెప్పారు. ఫిబ్రవరి 21న యూనిట్లకి సందేశం వెళ్ళింది, 'చాలాసేపు నడిపితే' తేడా రావచ్చని. చాలాసేపు అంటే ఎంతసేపో అందులో రాయలేదు. సరిచేసిన ప్రోగ్రామ్ దహ్రాన్ చేరింది 26వ తేదీన. దాడి జరిగిన మర్నాడు.

సుబేదార్ సార్ ఎడమచెవి ఇటు తిప్పి వింటున్నారు. లేచి నిలబడ్డారు. "ఆఫ్ చేసి ఆన్ చేసుంటే సరిపోయేది. ఎన్ని గంటలకి చెయ్యాలో చెప్పుంటే ఆ పిల్లోళ్ళు చేసుండేవాళ్ళు. యంత్రం దగ్గర కూర్చున్నోడి తప్పు కాదిది. కాగితం రాసినోడిది" అన్నారు. కూర్చోబోయి మళ్ళీ నిలబడి, "దాన్ని బయటపెట్టింది ఎవరు?" అని అడిగారు. జీఏవో అని చెప్పారు సార్. మన కాగ్ లాంటిది, అమెరికా చట్టసభ తరఫున లెక్కలు చూస్తుంది. అదే సంస్థ 1992లో ఇంకో సంగతీ తేల్చింది. 42లో 41 అన్నారే, గట్టి ఆధారాలతో స్కడ్‌ను నాశనం చేసిందని చెప్పగలిగినవి సుమారు 9 శాతమే అని. సార్ నాలుగో గడిలో 9 శాతం అని రాసి సుద్దముక్క కింద పెట్టారు. గదిలో చప్పుడు లేదు. కింద బజ్జీల బండి దగ్గర నూనె మరుగుతున్న శబ్దం వినిపించింది.

నాకు 'కాదు' చీటీ వచ్చింది ఆ రోజు. కవచం భద్రత ఇవ్వదు అని మాట్లాడాలి. మా అన్న ఆ కవచం పక్కనే నిలబడి ఉంటాడు, నేను అది పనిచెయ్యదని ఎట్లా అనాలి? చేతులు చల్లబడ్డాయి. కోచింగ్ సెంటర్లో జరిగింది గుర్తొచ్చింది. అయినా లేచాను. రాసుకుని తెచ్చుకున్నది శత్రువు విమానాల్ని, డ్రోన్లని కూల్చే మన ఆకాశ్ క్షిపణి గురించి.

2017 జులైలో కాగ్ నివేదిక పార్లమెంటు ముందుకి వచ్చింది. 2014లో పరీక్షకి వదిలిన 20 ఆకాశ్ క్షిపణుల్లో 6 ఫెయిలయ్యాయని అందులో ఉంది. కొన్ని లక్ష్యం దాకా పోలేదు, కొన్నిటికి ఉండాల్సినంత వేగం లేదు. మొదటి మూడు గళ్ళు నింపాను. నాలుగోదానిలో ఏం రాయాలి? 2025 మేలో అదే ఆకాశ్ బాగా పనిచేసిందని ప్రభుత్వం చెప్పింది. అది కూడా అక్కడే రాశాను. నా పక్షానికి అది పనికిరాదు, కానీ బోర్డు మీద ఉండాల్సింది అది.

పీలేరు తమ్ముడికి కోపమొచ్చింది. "అక్కా, బాగా పనిచేసినప్పుడు పాత నివేదిక ఎందుకు తవ్వాలి? శత్రువు చదవడా?" నేను చెప్పిన జవాబు ఇది, ఇప్పటికీ ఇదే చెబుతాను. 20లో 6 ఫెయిలయితే, అలా ఫెయిలయ్యే క్షిపణి పక్కన నిలబడేది మా అన్న. ఎవరో ఒకరు పుస్తకం తీసి లెక్క చూశారు కాబట్టి, ఎవరో ఒకరు జవాబు చెప్పాల్సి వచ్చింది కాబట్టి, నాకు కాస్త ధైర్యం. లెక్క అడిగినవాళ్ళు సైన్యానికి ఎదురు నిలబడినట్టు కాదు. సైనికుడి వెనక నిలబడినట్టు.

నా గొంతు వణికింది. తమ్ముడు కాసేపాగి, "అది వేరే సంగతక్కా" అన్నాడు మెల్లగా. సార్ మధ్యలో కల్పించుకోలేదు. ఇక్కడ నాకు నచ్చేది అదే, మాట పూర్తయ్యేదాకా ఆపరు.

టీ విరామం తర్వాత విదేశాంగ విధానం వైపు పోయింది చర్చ. నగరి అక్క దానికి బాగా తయారై వచ్చింది. మన ఆకాశాన్ని కాసేవి ఎవరి సామాను అని అడిగింది. ఆకాశ్ మనది. స్పైడర్ ఇజ్రాయెల్‌ది. బరాక్ ఇజ్రాయెల్, మనం కలిసి చేసుకున్నది. ఎస్-400 రష్యాది, 2018 అక్టోబరులో అయిదు స్క్వాడ్రన్లకి సుమారు 543 కోట్ల డాలర్ల ఒప్పందం. అదే ఎస్-400 కొన్నందుకు టర్కీని అమెరికా 2019లో ఎఫ్-35 యుద్ధవిమానాల కార్యక్రమం నుంచి తీసేసింది, 2020 డిసెంబరులో ఆంక్షలు పెట్టింది. మన మీద పెట్టలేదు. "ఏ కవచం కొంటామన్నది ఎవరితో స్నేహంగా ఉంటామన్నదానితో ముడిపడి ఉంది. ఒక దేశంతో మాట పడకపోతే విడిభాగాలు రావు" అంది. ఆమే ఇంకా వెనక్కి తీసుకెళ్ళింది. 1972లో అమెరికా, సోవియట్ యూనియన్ ఒక ఒప్పందం చేసుకున్నాయి, ఈ కవచాలు పరిమితంగానే పెట్టుకుందామని. ఒకడి డాలు పెద్దదైతే ఎదుటివాడు బాణాలు పెంచుతాడని ఇద్దరికీ భయం. 2001 మే 1న అప్పటి అమెరికా అధ్యక్షుడు చిన్న బుష్ (జార్జి బుష్ కొడుకు) ఆ ఒప్పందాన్ని దాటిపోతామని ప్రసంగిస్తే, అమెరికా మిత్రదేశాలే చాలావరకు తటపటాయించాయి. మన దేశం మాత్రం వెంటనే స్వాగతించినట్టు మాట్లాడింది. మరుసటేడు అమెరికా ఒప్పందం నుంచి బయటికి వచ్చేసింది. మనం 2006 నవంబరు 27న మొదటిసారి ఎదురొచ్చే క్షిపణిని ఆకాశంలోనే కొట్టి చూపించాం. 2017 జనవరిలో పాకిస్తాన్ అబాబీల్ అనే క్షిపణిని పరీక్షించింది, ఒకే క్షిపణిలో చాలా వార్‌హెడ్లు (పేలే తలలు) పెట్టేది. ఈ ప్రాంతంలో క్షిపణి రక్షణ పెరుగుతోంది కాబట్టే అని వాళ్ళ సైన్యమే చెప్పింది. డాలు, బాణాల సంగతి మా కళ్ళముందే తేలిపోయింది. 'అవును' చీటీ వచ్చినవాళ్ళ దగ్గర దీనికి ఉన్న మంచి జవాబు ఒకటే: ఊరి మీద పడే ఒక్క క్షిపణిని ఆపినా ఆ ఊరికి అది భద్రతే. అదీ నిజమే. దాన్ని ఎవరూ కొట్టిపారెయ్యలేదు.

చివర్లో సార్ మన దేశానివి మూడు రాశారు. పక్కపక్కన చూసేసరికి కడుపులో తిప్పింది.

బడ్గాం. 2019 ఫిబ్రవరి 27. ఆరుగురు వైమానిక సిబ్బంది, కింద ఉన్న ఒక పౌరుడు చనిపోయారు. మన క్షిపణే తగిలిందని, పెద్ద తప్పు జరిగిందని వైమానిక దళాధిపతి భదౌరియా ఒప్పుకున్నది అక్టోబరు 4న. ఏడు నెలలు.

బ్రహ్మోస్. 2022 మార్చి 9న మన క్షిపణి పొరపాటున లేచి పాకిస్తాన్‌లోని మియాఁ చన్నూ దగ్గర పడింది. ఎవరికీ ఏమీ కాలేదు, అది అదృష్టం. అణ్వాయుధాలున్న రెండు దేశాల మధ్య అలాంటి పొరపాటు ఎక్కడికి దారితీసేదో ఊహించుకోవచ్చు. మార్చి 11న మన ప్రభుత్వం చెప్పింది సాంకేతిక లోపం అని. ఆగస్టు 23న చెప్పింది నిర్దేశించిన పద్ధతులు పాటించలేదని, ముగ్గురు అధికారులను ఉద్యోగం నుంచి తొలగించామని.

కూనూరు. ఇది రాస్తుంటే సార్ నా వైపు చూశారు, నేను తలూపాను. 2021 డిసెంబరు 8న జనరల్ బిపిన్ రావత్ గారితోపాటు హెలికాప్టర్ ప్రమాదంలో పోయినవాళ్ళలో లాన్స్ నాయక్ సాయితేజ ఉన్నారు. కురబలకోట మండలం, మా పల్లెకి పెద్ద దూరం కాదు. డీఎన్ఏ పరీక్ష తర్వాతే ఆయన్ని ఇంటికి తెచ్చారు. మా నాయన అంత్యక్రియలకి వెళ్ళాడు. తిరిగొచ్చి అన్నం తినకుండా పడుకున్నాడు. మర్నాడు పొద్దున అమ్మని అడిగింది ఒకే మాట, "ఎందుకు పడిందో చెప్తారంటావా?" 2022 జనవరిలో చెప్పారు: హఠాత్తుగా మబ్బులు కమ్మి పైలట్‌కి దిశ తెలియలేదు, యంత్రలోపం కాదు, కుట్ర కాదు, నిర్లక్ష్యమూ కాదు. 2024 డిసెంబరులో పార్లమెంటు స్థాయీసంఘం నివేదికలోని పట్టికలో కారణం దగ్గర వచ్చింది: మానవ తప్పిదం, వైమానిక సిబ్బంది. నిర్లక్ష్యం కాదు అన్నదానికీ, మానవ తప్పిదం అన్నదానికీ మధ్య తేడా ఉండొచ్చు. ఉందనే అనుకుంటున్నాను. కానీ ఆ తేడాని ఆ ఇళ్ళకి వెళ్ళి, వాళ్ళ భాషలో, వాళ్ళ ముందు కూర్చుని ఎవరు చెప్పాలి? ఆ రోజు నేను అడిగింది అదే.

సుబేదార్ సార్ జవాబు చెప్పారు. "పాపా, నా కింద పనిచేసే పిల్లోడు తప్పు చేస్తే అది ముందు నా నోటి నుంచి రావాలి. వాళ్ళ ఇంటికి పోయి చెప్పే ధైర్యం లేకపోతే నాకు ఆ పట్టీ ఎందుకు?" అని భుజం తట్టి చూపించారు. ఆయన కళ్ళు తడిసినాయి. కోచింగ్ సెంటర్లో ఏ ప్రశ్నకైతే నూటపాతిక మంది నా వైపు చూశారో, అలాంటి ప్రశ్నకే ఇక్కడ ఒకప్పుడు యూనిఫారం వేసుకున్న మనిషి నిలబడి జవాబిచ్చారు. ఆ సాయంత్రం నడుచుకుంటూ హాస్టల్‌కి వెళ్ళాను, ఆటో ఎక్కాలనిపించలేదు.

లోపాలు కూడా రాయాలి. ఆదివారం చర్చ జరిగేటప్పుడు ముందు హాల్లో చదువుకునేవాళ్ళకి ఇబ్బందే, తలుపు వేసినా మాటలు వినపడతాయి. పరీక్ష దగ్గరున్నవాళ్ళు ఆ రెండున్నర గంటలు మేడమీదికి పోతారు, అక్కడ నీడ లేదు. నలభైమందిలో మేము ఆరుగురమే ఆడపిల్లలం. నోటీసుబోర్డు మీద 'ఆడపిల్లలు ముందు వరసలో కూర్చోవచ్చు' అని రాస్తే సరిపోదు. ఆరున్నరకి ముగించాల్సింది ఏడున్నర దాకా సాగితే హాస్టల్ గేటు టైం అయిపోతుంది, వార్డెన్‌తో తిట్లు మాకే. టైం ఖచ్చితంగా పాటించాలి. బోర్డు మీద రాసిందాన్ని సోమవారం చెరిపేస్తారు, అది నాకు అస్సలు నచ్చలేదు. ఇప్పుడు నేనూ నగరి అక్కా ఒక రూళ్ళ పుస్తకంలో నాలుగు గళ్ళు గీసి ప్రతివారం ఎక్కిస్తున్నాం. ఖాళీగా ఉన్న నాలుగో గళ్ళ పక్కన పెన్సిలుతో చిన్న సున్నా పెడుతున్నాం, తర్వాత తేలితే నింపడానికి. ఇప్పటికి పదిహేడు సున్నాలున్నాయి.

పరీక్షకి పనికొస్తుందా అని అడిగేవాళ్ళకి: సూటిగా మార్కులు తెస్తుందని చెప్పలేను. వ్యాసం పేపర్‌కి, ఇంటర్వ్యూకి పనికొస్తుంది. అంతకంటే, న్యూస్‌పేపర్‌లో అంకె కనపడగానే ఎవరన్నారు అని వెతికే అలవాటు వచ్చింది. మా నాయన ఫోన్ చేసి ఏదైనా వార్త చెబితే ఇప్పుడు నేను అడక్కముందే, "చెప్పింది మంత్రి, నిన్న" అంటున్నాడు.

ఈ వారం టాపిక్ అంటించారు. 'సైనిక ప్రమాదాల విచారణ నివేదికలు రహస్యంగానే ఉంచాలి.' ఆలోచించి రావాలని ఈసారి చీటీలు ముందే తీయించారు. నాకు 'అవును' వచ్చింది. నేను నమ్మనిదాని పక్షాన నాలుగు నిమిషాలు మాట్లాడాలి. రాత్రి అన్నకి ఫోన్ చేశాను. చెప్పాను. అవతల నుంచి కాసేపు మాట లేదు. లైన్ కట్టయిందనుకున్నాను.

"ఊరు పేరు వద్దు, యూనిట్ పేరు వద్దు. రాసుకో" అన్నాడు.

నాలుగు పాయింట్లు చెప్పాడు. మూడు నా చీటీకి పనికొచ్చేవి. నాలుగోది ఎదుటిపక్షానిది. అది కూడా రాసుకున్నాను.